అమ్మ కుట్టిన బొంత, అబ్బాయి వదిలి వెళ్లిన పిల్లి

ప్రశ్న: నా వయసు 57 ఏళ్లు. మా అమ్మ చనిపోయే ముందు రెండేళ్ల పాటు ఇంట్లోవాళ్ల పాత బట్టల ముక్కలన్నీ పోగుచేసి, చేత్తో ఒక బొంత కుట్టి నాకు ఇచ్చింది. చివరి వరుసలకు వచ్చేసరికి ఆమెకు చూపు బాగా తగ్గిపోవడంతో ఒక మూల కుట్లు వంకరపోయాయి. నాకు ఆ మూలే ఎక్కువ ఇష్టం. ఆరు నెలల క్రితం మా అబ్బాయి ఉద్యోగం మారి దూరం వెళ్తూ తన పిల్లిని మా దగ్గర వదిలి వెళ్లాడు. మగ పిల్లి, 11 ఏళ్లది, సంతానం కలగకుండా ఆపరేషన్ ఎప్పుడో అయింది. గత మూడు నెలల్లో అది నా మంచం మీది బొంతపైన నాలుగుసార్లు మూత్రం పోసింది. మొదటిసారి దాన్ని ఆ మచ్చ దగ్గరికి లాక్కొచ్చి కొట్టాను. అప్పటి నుంచి కక్ష కట్టినట్టు మళ్లీ మళ్లీ అక్కడే పోస్తోంది. మూడోసారి నేను ఇంట్లో లేనప్పుడు మావారు బొంతను వేడినీళ్లతో వాషింగ్ మెషీన్‌లో వేశారు. ఎరుపు రంగు పక్క ముక్కల్లోకి దిగింది, మచ్చ మాత్రం పోలేదు, ముసురు పట్టినప్పుడల్లా వాసన తిరిగొస్తోంది. పిల్లిని ఎవరికైనా ఇచ్చేద్దామంటే, "పోయినావిడ బొంత కోసం బతికున్న ప్రాణాన్ని గెంటేస్తావా?" అన్నారు. పది రోజులుగా మా మధ్య మాటల్లేవు. అబ్బాయి ఫోన్‌లో "కొత్తది కొనుక్కోమ్మా" అన్నాడు. నాది చాదస్తమేనా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: చాదస్తం కాదు. కానీ అమ్మా, మీరు అడిగినదానికంటే ముందు, మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించని ఒక మాట గురించి చెప్పాలి. ఈ మూడు నెలల్లో ఆ పిల్లిని పశువైద్యుడికి చూపించినట్టు మీరు రాయలేదు. పదేళ్ల పైన తన పెట్టెలోనే, అంటే మలమూత్రాల కోసం ఇసుకలాంటి పొడి పోసి ఉంచే తొట్టెలోనే, శుభ్రంగా మూత్రం పోసుకున్న పిల్లి ఉన్నట్టుండి మంచం ఎక్కి పోస్తోందంటే, మొదట అనుమానించవలసింది దాని బుద్ధిని కాదు, దాని ఒంటిని. మూత్రాశయపు వాపు, రాళ్లు, మూత్రపిండాల జబ్బు, చక్కెర వ్యాధి, ఇవేవీ కాకపోతే కీళ్లనొప్పులు, ఈ వయసు పిల్లిలో ఏదైనా కావచ్చు. వైద్యుడి దగ్గరికి వెళ్లే ముందు రెండు మూడు రోజులు గమనించి పెట్టుకోండి. కొంచెం కొంచెంగా మాటిమాటికీ పోస్తోందా, లేక ఎప్పుడూ లేనంత నీళ్లు తాగి పెద్ద మడుగులా పోస్తోందా అన్న ఒక్క వివరమే ఆయనకు సగం దారి చూపిస్తుంది. ఒకవేళ అది పెట్టెలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా రాకుండా లేస్తుంటే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి. మగ పిల్లికి మూత్రనాళం సన్నగా ఉంటుంది కాబట్టి అది పూడుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

పెట్టెలోకి దిగినప్పుడల్లా నొప్పి కలిగితే, ఆ నొప్పికి పెట్టే కారణమని పిల్లి అనుకుంటుంది. అప్పుడది ఇంకో చోటు వెతుక్కుంటుంది. కాలికి మెత్తగా తగిలేది, తడిని వెంటనే పీల్చుకునేది, నాలుగువైపులా కనిపించేంత ఎత్తులో ఉన్నది అయితే దానికి మరీ అనుకూలం. మీ మంచం మీది బొంతలో ఈ మూడూ ఉన్నాయి. ఒకసారి అక్కడ పోశాక, మనకు తెలియనంత పలచటి వాసన కూడా దానికి తెలుస్తుంది కాబట్టి, అదే తన చోటని గుర్తుపెట్టుకుంటుంది. మీకు కక్షలా కనిపించినది ఇంతే.

కక్ష అన్న మాట మీ మనసులో బాగా నాటుకున్నట్టుంది, అందుకే ఇంకొంచెం చెబుతాను. చేసిన తప్పుకు తర్వాత శిక్షిస్తే జంతువుకు అర్థమవుతుందని మనం గట్టిగా నమ్ముతాం. కుక్క తల దించుకుని ఓరగా చూస్తే "తప్పు చేశానని దానికి తెలుసు" అంటాం. అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఈ చూపునే పరీక్షించి చూశారు. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ చూపుకు సంబంధం కనిపించలేదు, యజమాని మందలించినప్పుడే అది ఎక్కువగా కనిపించింది. అంటే మనం నేరం ఒప్పుకోలుగా చదువుకునేది నిజానికి మన కోపానికి భయం. అది కుక్కల మీద జరిగిన పరీక్షే అయినా, మీ పిల్లి విషయంలో నేను అనుకునేదీ అదే. మీరు కొట్టిన దెబ్బకూ బొంత మీది మచ్చకూ మధ్య ముడి దానికి తెలియదు, మీరు వస్తే భయపడాలన్నది మాత్రం తెలుసు. పిల్లుల్లో మూత్రాశయపు వాపు చాలాసార్లు ఏ సూక్ష్మజీవీ లేకుండా, దిగులూ బెదురూ వల్ల కూడా వస్తుంది. తనను పెంచిన మనిషి ఒకరోజు సామాను సర్దుకుని వెళ్లిపోయాడు, ఇల్లు మారింది, కొత్త ఇంట్లో దెబ్బలు పడ్డాయి. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ మచ్చను మొదటిసారి చూసిన క్షణంలో నేనైనా అరిచేదాన్నే. ఇకముందు అరవకుండా ఉంటే చాలు.

పెట్టె సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒక్క పిల్లికైనా రెండు పెట్టెలు ఉండాలి, వేర్వేరు చోట్ల. వాషింగ్ మెషీన్ పక్కనో, తలుపు వెనకో, జనం తిరిగే దారిలోనో పెట్టకూడదు. ముసలి పిల్లి కీళ్లకు ఎత్తైన అంచు దాటడం కష్టం కాబట్టి, ఒకవైపు అంచు బాగా తక్కువగా ఉన్నది చూసుకోండి. పెట్టె పొడవు పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉంటే అది లోపల తిరగగలుగుతుంది. అందులో పోసే పొడి సన్నగా, ఇసుకలా, ఏ పరిమళం లేకుండా ఉండాలి, మలమూత్రాలు అంటినదాన్ని రోజూ తీసి పారెయ్యాలి. మనకు హాయిగా తోచే సువాసన దానికి భరించలేని ఘాటు కావచ్చు.

ఇక మీవారి మాట. "పోయినావిడ బొంత" అన్నది తేలికగా మరచిపోగలిగే మాట కాదు, దాన్ని మరచిపొమ్మని నేను చెప్పను కూడా. తల్లి చివరి రెండేళ్ల పనిని ఒక పాత గుడ్డతో సమానం చేసినట్టు మీకు వినిపించి ఉంటుంది. అయితే ఆ మాటకు ముందు ఆయన చేసిన పనిని మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. మీరు లేనప్పుడు, మీరు చూసి బాధపడేలోగా, ఆయన దాన్ని ఉతికిపెట్టాలనుకున్నారు. మెషీన్‌లో వెయ్యడం తప్పు, వేడినీళ్లు పెట్టడం ఇంకా తప్పు, అడగకపోవడం అన్నింటికంటే పెద్ద తప్పు. అయినా ఆ బొంతకు విలువ లేదనుకున్న మనిషి దాన్ని ఉతకడానికి పూనుకోడు. తలుపు తీసి చూసేసరికి ఎరుపు పక్కకు పాకి ఉన్నప్పుడు ఆయనకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. తప్పు చేసిన బాధలో ఉన్నవారి నోట క్షమాపణకు బదులు మొరటు మాట రావడం సంసారాల్లో నేను తరచుగా చూసేదే.

ఇంకొకటి కూడా ఉంది. ఆయన ఆ పిల్లిని వెనకేసుకొస్తున్నది కేవలం జీవకారుణ్యంతోనేనా? అది అబ్బాయి వదిలి వెళ్లిన పిల్లి. సాయంత్రాలు కుర్చీలో ఆయన ఒడిలో పడుకునేది అదే అయి ఉంటుంది. మీకు ఆ బొంత ఎలాగో, ఆయనకు అది అలాగ. ఇద్దరూ దూరమైనవారి వస్తువునే కాపలా కాస్తున్నారు కాబట్టి, రెండింటిలో ఒకటే మిగలాలన్న పందెం ఈ ఇంట్లో పెట్టకండి. "అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అన్న మాట ఈ పది రోజుల్లో మీ నోటి చివరిదాకా వచ్చి ఉంటే అక్కడే ఆపేయండి. ఆ మాట అన్నాక, పిల్లి ఉన్నా పోయినా మీ ఇద్దరిలో ఒకరు ఓడినట్టే మిగులుతారు.

మాట్లాడటం మీరే మొదలుపెట్టండి. ముందు చొరవ చూపితే తగ్గినట్టవుతుందన్న లెక్క ఇక్కడ వద్దు. ఇలా అనవచ్చు: "మీరు దాన్ని ఉతకాలనుకున్నారని నాకు తెలుసు. కానీ పోయినావిడ బొంత అన్నారు చూడండి, అది నాకు తగిలింది. ఆ మూల కుట్లు అమ్మ కళ్లు కనపడని రోజుల్లో వేసినవి. పిల్లిని డాక్టరుకు చూపిద్దాం, దానికి నేను ఒప్పుకుంటాను. బొంతను బాగుచేసేటప్పుడు మీరు నాకు సాయం చెయ్యాలి." ఇందులో ఆయన కాదనవలసిన మాట ఏదీ లేదు. కుట్లు ఎందుకు వంకరపోయాయో ఆయనకు ఎప్పుడైనా చెప్పారా అన్నది నా సందేహం. ఏళ్ల తరబడి పక్కనే ఉన్నవారికి అన్నీ తెలుసనుకుని మనం అసలు చెప్పం.

పిల్లిని ఇచ్చేయడం మహాపాపమని నేను అనను. ఇచ్చేయక తప్పని ఇళ్లు ఉంటాయి. కానీ జబ్బు ఉందో లేదో తేలకుండా ఇస్తే, 11 ఏళ్ల పిల్లి కొత్త ఇంట్లోనూ పరుపు మీదే పోస్తుంది, అక్కడి నుంచి ఇంకో చోటికి, ఆ తర్వాత వీధిలోకి వెళ్తుంది. వైద్యం, పెట్టె మార్పు, పడకగది తలుపు మూసి ఉంచడం, ఈ మూడూ కలిపి మూడు నెలలు చేసి చూడండి. అప్పటికీ మారకపోతే ఈ సంగతి మళ్లీ ఇద్దరూ కలిసి మాట్లాడుకోవచ్చు. ఆ మాటల్లో మీ అబ్బాయి కూడా ఉండాలి. పిల్లి అతనిది. వైద్యుడి ఖర్చు, మందుల ఖర్చు తనే పంపాలని నిర్మొహమాటంగా చెప్పండి. "కొత్తది కొనుక్కో" అన్నందుకు అతని మీద కోపం పెట్టుకోవద్దు. ఆ బొంతలో అతని చిన్నప్పటి చొక్కా ముక్క ఏదైనా ఉంటే దాన్ని దగ్గరగా ఫొటో తీసి పంపండి, వివరణ అక్కర్లేదు.

ఆ మూడు నెలలూ బొంత మంచం మీద ఉండకూడదు. మీకు ఇది కష్టమని తెలుసు, కానీ రోజూ కప్పుకోవాలన్న ప్రేమే ఇక్కడ దానికి చేటు చేస్తోంది. ఉతికి పూర్తిగా ఆరాక, పాత మెత్తటి నూలు దుప్పటిలో చుట్టి, పిల్లి చొరబడలేని బీరువాలో పెట్టండి. మడతలు ఎప్పుడూ ఒకే చోట పడితే అక్కడే బట్ట చిట్లుతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. పురుగు పట్టకుండా కలరా ఉండలు మాత్రం వద్దు, అవి పిల్లికి విషం. నేల తుడవడానికి ఫినాయిల్ వాడుతుంటే అదీ ఆపండి, పిల్లి పాదాలకు అంటినది నాకి మింగుతుంది. మంచం మీద తడి దిగని షీటు వేసి, పైన తేలికగా ఉతికే దుప్పటి పరచుకోండి. పరుపును మరచిపోవద్దు. బొంతలోంచి కిందికి దిగిన మూత్రం పరుపులో ఉండిపోతే, పైన ఎన్ని మార్చినా పిల్లి అక్కడికే వస్తుంది. చీకట్లో అతినీలలోహిత కాంతి టార్చి వేసి చూస్తే ఎండిపోయిన మూత్రపు మచ్చలు చాలావరకు మెరుస్తూ కనిపిస్తాయి.

మీకు కుట్టు వచ్చో రాదో రాయలేదు. వచ్చినా రాకపోయినా, మిగిలిపోయిన ముక్కలతో మూరెడు చదరంలో ఒక చిన్న బొంత కుట్టి పిల్లికి వేసెయ్యండి. కుట్లు అందంగా ఉండనక్కర్లేదు. పిల్లికి బొంత అంటే ఇష్టమే, అది మీ అమ్మ బొంతే కావాలని మాత్రం దానికి లేదు. దాన్ని కిటికీ దగ్గరో, మీవారి కుర్చీ పక్కనో వేస్తే ముందరి కాళ్లతో పిసుకుతూ అక్కడే పడుకుంటుంది. ఆ పిసకడం పాలు తాగే పసితనం నుంచి మిగిలిన అలవాటే, చింపాలని కాదు. గోళ్ల కొసలు మాత్రం రెండు మూడు వారాలకోసారి కత్తిరిస్తే పోగులు లేవవు. కుట్టేటప్పుడు సూది దారం వదిలేసి లేవకండి. దారం మింగిన పిల్లికి పేగులు ముడుచుకుపోయి ఆపరేషన్ దాకా వస్తుంది.

ఇక ఆ మచ్చ. నేను కూడా ఒకప్పుడు, మా కుక్క పాడుచేసిన ఒక బొంతను ఆత్రంగా వేడినీళ్లలో ముంచి, నీళ్లు గులాబీరంగులోకి మారడం చూస్తూ నిలబడినదాన్నే కాబట్టి మీ ఎరుపు ముక్క ఎలా ఉందో ఊహించగలను. దిగిన రంగును పూర్తిగా వెనక్కి రప్పిస్తామని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. చల్లటి నీళ్లు ఎక్కువగా పోసి, నీళ్లు మారుస్తూ నానబెడితే కొంత తగ్గవచ్చు. అప్పటిదాకా ఆ బొంత మీద ఇస్త్రీ పెట్టవద్దు, వేడి తగిలితే మచ్చా రంగూ రెండూ బట్టలో ఇంకా గట్టిపడతాయి.

ముసురు పట్టినప్పుడు వాసన ఎందుకు తిరిగొస్తోందో చెబుతాను, అప్పుడు ఏం వాడాలో మీకే తెలుస్తుంది. పిల్లి మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి, మొదటి ఘాటు అదే, అది ఉతికితే పోతుంది. మూత్రంలోని మిగతా పదార్థాలు కొన్ని మాత్రం దూది పొరలో దాక్కుంటాయి, గాలిలో తేమ పెరగగానే మళ్లీ వాసన వదులుతాయి. మామూలు సబ్బు పొడికి అవి సరిగా లొంగవు. పెంపుడు జంతువుల మరకల కోసం ఎంజైములతో చేసిన ద్రావణాలు దొరుకుతాయి, అవి వాడాలి. పైపైన చిలకరిస్తే చాలదు. మూత్రం ఎంత లోతుకు దిగిందో ద్రావణమూ అంత లోతుకు దిగాలి, సీసా మీద రాసినంతసేపు తడిగా ఉండాలి. వెనిగర్, వేరే డిటర్జెంటు లాంటివి అదే సమయంలో కలపకండి, ఎంజైములు పనిచేయడం మానేస్తాయి. బ్లీచింగ్ ద్రావణం అసలే వద్దు. అది రంగులు తినేయడమే కాదు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువులు పుడతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత బట్టల ముక్కలన్నారు కాబట్టి వాటిలో పట్టు, ఉన్ని ఉన్నాయేమో ముందు చూడండి. అవి జంతువుల నుంచి వచ్చిన ప్రోటీన్ పోగులు. మరకను తినే ఎంజైములు వాటినీ తినగలవు. అలాంటి ముక్క మీద మచ్చ ఉంటే చల్లటి నీళ్లతో అద్దడం వరకే చేసి, పాత బట్టలను బాగుచేసే అనుభవం ఉన్నవారికి అప్పగించండి. మిగిలిన నూలు ముక్కల్లో ప్రతి రంగు మీదా తడిపిన తెల్ల గుడ్డను కాసేపు నొక్కి ఉంచి, గుడ్డకు రంగు అంటుతోందేమో చూడండి. ద్రావణాన్నీ అలాగే ఒక చాటు మూలలో పరీక్షించండి. వంకర కుట్ల మూలను ఆఖరుకు ఉంచండి. అక్కడ మచ్చ ఉన్నా రుద్దవద్దు, ఆ దారం ఇప్పటికే అలసి ఉంటుంది. ఏదైనా ముక్క చిట్లిపోతే దాన్ని కత్తిరించి తీసేయకుండా, పైన పలచటి నెట్ గుడ్డ పరచి అంచుల్లో సన్నగా కుట్టేస్తే కింద మీ అమ్మ కుట్లు కనిపిస్తూనే ఉంటాయి.

ఉతికేటప్పుడు పెద్ద తొట్టెలో ముందు ఒక దుప్పటి పరచి, దాని మీద బొంతను పెట్టి నీళ్లు నింపండి. తడిసిన బొంత దూదితో సహా ఎంత బరువెక్కుతుందంటే, రెండు మూలలు పట్టి లేపితే ఆ బరువంతా కుట్ల మీద పడి తెగిపోతాయి. అందుకే కిందనున్న దుప్పటిని చెరోవైపు పట్టుకుని ఇద్దరు లేపాలి. ఒక్కరి వల్ల కాదు. మీవారిని అడగమన్న సాయం ఇదే. పిండకుండా తువ్వాళ్ల మధ్య చుట్టి నీళ్లు లాగించి, నేల మీద శుభ్రమైన దుప్పటి పరచి, నీడలో, గాలి ఆడే చోట, చదునుగా ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీయవద్దు. అది పూర్తిగా ఆరడానికి రెండు రోజులైనా పట్టవచ్చు, అంతదాకా వాసన ఉందో పోయిందో తేల్చవద్దు. ఆరాక కూడా ముందు మీరు కాకుండా మీవారిని వాసన చూడమనండి. ఈ మూడు నెలల తర్వాత మీ ముక్కు, లేని చోట కూడా ఆ వాసనను వెతుక్కుంటూ ఉంటుంది.